మూల మడత

మా బైండరు చేతిలో కాగితాల కట్ట ఒకటి పెట్టి చూడండి. బొటనవేలితో అంచుని ఒక్కసారి జర్రున దువ్వి, అందులో ఎన్ని కాగితాలున్నాయో చెప్పేస్తాడు. నాలుగు వందల తొంభై ఏడంటే తొంభై ఏడే. అనుమానపడి మళ్ళీ లెక్కపెట్టుకున్నవాడికి వేళ్ళ నొప్పి తప్ప ఏమీ మిగలదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి తప్పలేదు. దోమ రెక్కలు రెండు తెచ్చిస్తే వాటినీ కుట్టి, అట్ట వేసి, వీపున గుడ్డ అంటించి ఇస్తాడు. ఆ తర్వాత ఎగరడం, ఎగరకపోవడం దోమ ఇష్టం. అంతటి పనివాడు ఆ మంగళవారం లాయరమ్మ ఆఫీసులో కూర్చోవడానికి కుర్చీ లేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఉన్నవి మూడు కుర్చీలు. ఒకదాంట్లో తల్లి, ఒకదాంట్లో మరదలు, మూడోదాంట్లో మరదలి నాలుగేళ్ళ కూతురు. పిల్లతో కుర్చీ సగం కూడా నిండలేదు. కాళ్ళు గాలిలో ఊపుకుంటూ పెదనాన్న వైపు చూసి నవ్వింది. పెదనాన్న నవ్వలేదు. నాలుగేళ్ళదానికి కుర్చీ, నలభై ఆరేళ్ళవాడికి గోడా అనుకున్నాడు.

లాయరమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని ఒక కాగితం నింపుతోంది. చనిపోయినాయన భార్య. కూతురు. తల్లి. ఒక్కొక్కరి పేరూ వయసూ అడిగి, రాసి, కింది గడికి దిగుతోంది. బైండరు గొంతు సవరించుకున్నాడు. తన వంతు వచ్చేసరికి గొంతు బొంగురుగా ఉంటే బాగుండదు. కలం కాగితం అడుగుకి చేరింది, అక్కడ అడ్డంగా ఒక గీత గీసింది, మూత పెట్టించుకుంది.

“నేను వాడి అన్నని,” అన్నాడు బైండరు.

“తెలుసండీ, అమ్మగారు చెప్పారు. కానీ ఈ కాగితంలో అన్నకి గడి లేదు. ఆయన సంపాదన మీద బతికినవాళ్ళ కోసం ఇది.”

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. చినుకు పడుతోంది, గొడుగు తెచ్చుకోండి అన్నట్టే చెప్పింది. అయినా బైండరు చెవులు వేడెక్కాయి. పోయినవాడు పోతూ పోతూ కూడా తనని వరసలోంచి ఒక తోపు తోసి పోయాడు.

చిన్నోడు పోయి మూడు వారాలు. అన్నదమ్ములిద్దరూ ఒకే ప్రెస్సులో పని. అన్న కింద బైండింగు గదిలో, తమ్ముడు రెండో అంతస్తులో మిషను హాలు చూసుకుంటూ, తనూ ఒక అచ్చు మిషను మీద. ఇంట్లోనూ వీధిలోనూ ప్రెస్సులోనూ తమ్ముణ్ణి అందరూ చిన్నోడనే పిలిచేవారు. ఆ రోజు సామాన్ల లిఫ్టు తలుపు తెరిచి ఉంటే, లిఫ్టు అక్కడే ఉందనుకుని కాగితాల బండిని లాక్కుంటూ వెనక్కి అడుగేశాడు. లిఫ్టు కింద ఉంది. సాయంత్రం ఇంటి ముందు చేరిన జనాన్ని బైండరు ఏడుస్తూనే లెక్కపెట్టాడు. వీధి మలుపు దాకా ఉన్నారు. టీ కొట్టువాడు కొట్టు మూసి మరీ వచ్చాడు. నేను పోతే వీడు కొట్టు మూస్తాడా, పోనీ స్టవ్ మంటైనా తగ్గిస్తాడా అని ఆలోచన వచ్చింది. ఏడుపూ నిజమే, ఆ ఆలోచనా నిజమే. రెండూ ఒకే గుండెలోంచి వచ్చాయి.

లాయరమ్మ దారులు చెప్పింది. మొత్తం నాలుగు. మొదటిది కంపెనీ పంపిన రాజీ కాగితం. శనివారం లోపు సంతకం చేస్తే వాళ్ళు రాసినంత చేతికొస్తుంది; ఆ తర్వాత తప్పెవరిదని ఇంకెప్పుడూ, ఇంకెక్కడా అడగకూడదు. రెండోది, పనిలో పోయినవాళ్ళ కుటుంబానికి చట్టం ఇప్పించే పరిహారం. అక్కడ తప్పెవరిదో తేల్చక్కర్లేదు, పనిచేస్తుండగా పోయాడని చూపిస్తే చాలు; కానీ చట్టం కట్టిన లెక్క ఎంతో అంతే, పైన అడగడానికి లేదు. మూడోది నిర్లక్ష్యం కేసు. జాగ్రత్త పడాల్సిన యజమాని పడలేదని, మనిషి అందువల్లే పోయాడని కోర్టులో రుజువు చెయ్యాలి. ఏళ్ళు పడుతుంది. గెలిస్తే మాత్రం ఈ పిల్ల చదువు గురించి ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేదు. నాలుగోది పోలీసు కేసు. అది శిక్ష కోసం. నడిపేది ప్రభుత్వం, మనం సాక్షులమే. వీటిలో కొన్ని జంటగా నడుస్తాయి, కొన్ని ఒకటి పట్టుకుంటే ఇంకోటి వదలాలి. అన్నిటికీ గడువులున్నాయి.

మరదలు అంతా విని, ఒళ్ళోని సంచి పట్టీ మెలిపెడుతూ ఒక్కటే అడిగింది. “కంపెనీవాళ్ళు తప్పు ఆయనదేనని రాశారు కదండీ. మరి మూడో దారి మనకెలా ఉంటుంది?”

లాయరమ్మ ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. లిఫ్టు తలుపు పక్కన ఒక మీట ఉంటుంది. తలుపు మూస్తే అది నొక్కుకుంటుంది, అప్పుడే లిఫ్టు కదలాలి. ఆ మీట సందులో ఏదైనా దూర్చి ఎప్పుడూ నొక్కి ఉంచితే, తలుపు బార్లా తెరిచి ఉన్నా లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. సరుకు తొందరగా దిగుతుంది. మనిషి కూడా దిగుతాడు. ఆ సందులో దొరికిన ముక్క ఫొటో ఇది. దీన్ని చనిపోయినవాడే తయారుచేసి పెట్టుకున్నాడని కంపెనీ అంటోంది. నిజంగా ఎవరు చేశారో, ఎవరు చెయ్యమన్నారో తేలితే మూడో దారి తెరుచుకుంటుంది. తేలకపోతే మొదటిదో రెండోదో చూసుకోవాలి. పిల్ల మాత్రం తండ్రి సొంత తప్పువల్లే పోయాడని వింటూ పెరుగుతుంది.

తల్లి ఫొటో అందుకుని, కిటికీ వెలుతురు పడేలా తిప్పి చూసింది. “ఎంత ముద్దుగా కుదిరిందో చూడమ్మా,” అంది కోడలితో. “వాడి చెయ్యి అలాంటిది. పాడు పనైనా సరే, పొందిగ్గా చేస్తాడు.”

బైండరు మెడ చాచి చూశాడు.

అరచేతిలో పట్టే ముక్క. అట్ట పొరలు ఒకదాని మీద ఒకటి అంటించి, బరువు కింద ఆరబెట్టి, ఒక పక్కని నాలుకలా పల్చగా చెక్కి, పైన ఆకుపచ్చ గుడ్డ తొడిగారు. మూలల దగ్గర గుడ్డని కత్తిరించలేదు. లోపలికి రెండు మడతలు వేసి గోటితో అణిచారు. ఎక్కడా ఒక్క పోగు లేవలేదు. ఆ మూల మడత ప్రెస్సు మొత్తానికి ఒక్కడికే వచ్చు. ఆ ఒక్కడు గోడకి ఆనుకుని ఉన్నాడు.

అరికాళ్ళ నుంచి చలి పాకింది. అది భయమని అతనికి తెలుసు. ఆ భయం వెనకే, పిలవని చుట్టంలా, ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది. అమ్మ మెచ్చుకుంటున్నది నా పని. మెప్పు మాత్రం వాడికి.

*

బుధవారం బైండింగు గదిలో ఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిచి మడిచి పదహారు పేజీలు చేస్తే ఒక ఫారం. బైండరు కింద కూర్చుని ఎముక బద్దతో మడత గీస్తున్నాడు. గీసిన ప్రతిసారీ కాగితం సన్నగా ఈల వేస్తుంది. ఆ రోజు ఈల సరిగా పలకడంలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొదట్లో కాగితాల లెక్క గురించి కొంచెం గాలి కొట్టాను. పది కట్టలు దువ్వితే ఏడింట్లో బైండరు లెక్క తప్పేది. దువ్వీ దువ్వకముందే సరిగ్గా చెప్పేసేవాడు చిన్నోడు. అన్న లెక్క తప్పినప్పుడల్లా చప్పుడు చెయ్యకుండా కట్టలో నాలుగు కాగితాలు కలిపో, తీసో, అన్న చెప్పినన్ని చేసి పంపేవాడు. బైండరు క్షమించలేనిది అదే. ఎగతాళి చేసి ఉంటే నాలుగు తిట్టి మర్చిపోయేవాడు. కప్పిపుచ్చిన తమ్ముణ్ణి ఏమని తిడతాడు?

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి కేకేసే మనిషి, ఈసారి లోపలికి వచ్చి, ఫారాల గుట్ట పక్కకి జరిపి కూర్చున్నాడు. నడుముకి తాళాల గుత్తి. బైండరు ఆ గుత్తి వైపే చూస్తూ ఉండిపోయాడు. రెండు నెలల కిందట కూడా ఆ మనిషి అలాగే వచ్చి కూర్చున్నాడు. లిఫ్టు మీటలో పెట్టిన చెక్కముక్క మాటిమాటికీ జారిపోతోందని, ఓనరు సరుకు ఆలస్యమని గోల పెడుతున్నాడని చెప్పి, “నీలాంటి పనివాడు ఈ ప్రెస్సులో ఇంకోడు లేడయ్యా, జారకుండా ఒకటి చేసిపెట్టు,” అన్నాడు. జారకుండా ఉండాలంటే గుడ్డ తొడగాలని బైండరే సలహా ఇచ్చాడు. ఓనరు పుస్తకాలకి వాడే ఆకుపచ్చ గుడ్డ బీరువాలో ఉంటుంది. తాళం తీసి జానెడు ముక్క సూపర్‌వైజరే కత్తిరించి ఇచ్చాడు. ఆ ముక్క మీద బైండరు ఒక పూటంతా కూర్చున్నాడు. దానివల్ల ఏమవుతుందని అతను ఆలోచించలేదు. ఇంకోడు లేడు అన్న మాట చెవుల్లో తేనెలా పడుతుంటే ఆలోచన ఎక్కడ పడుతుంది?

ఈసారి సూపర్‌వైజరు తెచ్చిన కబురు ఇంకా తియ్యగా ఉంది. చిన్నోడి తర్వాత మిషను హాలు చూసుకునే మనిషి కావాలి. ఓనరుకి బైండరు పేరే చెప్పాడట. సోమవారం నుంచి పైకి వచ్చెయ్యవచ్చు. గాజు తలుపు గది, తిరిగే కుర్చీ. ఈలోపు మరదలి చేత ఆ సంతకం ఒకటి చేయిస్తే అందరికీ క్షేమం. సాక్షి దగ్గర అన్నగా అతనే సంతకం పెట్టాలి.

“ఆ ముక్క సంగతి…” అన్నాడు బైండరు బద్ద కింద పెట్టి.

“అది మనిద్దరి మధ్యే. చిన్నోడే చేసుకున్నాడని రాసేశాం. పోయినవాడికి కొత్తగా నొప్పేముంది?” సూపర్‌వైజరు లేస్తూ భుజం తట్టాడు. “అయినా అంత నీటైన పని వాడు చేశాడంటే ఎవరైనా నమ్ముతారు. నువ్వు చేశావంటేనే రుజువులడుగుతారు.”

నవ్వుతూ అన్నాడు. అతను వెళ్ళాక బైండరు చాలాసేపు అదే ఫారాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. నాలుగోసారికి మడత దగ్గర కాగితం చిరిగింది.

*

గురువారం సాయంత్రం పెళ్ళానికి తిరిగే కుర్చీ సంగతి చెప్పాడు. ఆవిడ బట్టలు మడత పెడుతోంది. ఏ కుర్చీ అని అడిగింది. చిన్నోడిదే అన్నాడు. ఆవిడ మడత పెట్టిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని మొగుణ్ణి తేరిపార చూసింది.

“కుళ్ళుకైనా ఒక హద్దుండాలయ్యా. ఉన్నన్నాళ్ళూ వాడి మీద ఏడ్చావు. ఇప్పుడు వాడు ఖాళీ చేసిన దాంట్లో కూర్చోవాలా?”

నాకేం కుళ్ళు అని అతను లేచి, గోడకి అటువైపు వాటాలో ఉండే తల్లి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ మరదలు కంపెనీ కాగితం బల్ల మీద పరిచి కూర్చుని ఉంది. తల్లి సంతకం చేసెయ్యమంటోంది. వాడికి పనంటే తొందర, తప్పు వాడిదే అయి ఉంటుంది, కోర్టు మెట్లెక్కి వాడి పేరు బజారున పెట్టడమెందుకని ఆవిడ మాట. మరదలు బావగారికి కాగితం చూపించి, రేపు లాయరమ్మకి ఒకసారి చూపించి అక్కడే సంతకం చేసేస్తానంది. “సాక్షి దగ్గర మీ పేరే రాసి ఉంది బావగారూ. మీరు కూడా రావాలి.”

చూశాడు. అడుగున, కుడి పక్కన, గీత గీసి, కింద తన పేరు టైపు చేసి ఉంది. చట్టం ఇవ్వని గడి కంపెనీ ఇచ్చింది. ఒక క్షణం అతనికి నిజంగానే సంతోషమేసింది. ఆ తర్వాత పై నుంచి చదవడం మొదలుపెట్టి, నాలుగో పంక్తి దగ్గర ఆగిపోయాడు. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడని పెళ్ళాం అంటుంది.

*

శుక్రవారం లాయరమ్మ ఆఫీసులో నాలుగు కుర్చీలున్నాయి. పక్క గదిలోంచి ఒకటి తెప్పించి వేశారు. బైండరు దాని చివర ఆనీ ఆననట్టు కూర్చున్నాడు.

లాయరమ్మ కాగితం చదివి, సంతకం చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చేస్తే పోయేవేమిటో మళ్ళీ ఒకసారి చెప్పింది. చెయ్యకపోయినా రెండో దారి ఎలాగూ ఉందంది. ముక్క ఎవరు చేశారో చెప్పే మనిషి లేకుండా మూడో దారి పట్టుకోమని మాత్రం తను చెప్పలేనంది. మరదలు తలూపి కలం తీసుకుంది. కలం పని చెయ్యలేదు. లాయరమ్మ ఇంకోటి ఇచ్చింది. ఆ సందులో బైండరు కాగితం ముందుకు లాక్కుని నాలుగో పంక్తి మీద వేలు పెట్టాడు. మృతుడు తన చేతులతో అత్యంత నైపుణ్యంగా తయారుచేసుకున్న సాధనం అని రాసి ఉంది.

“ఇది వాడు చెయ్యలేదు,” అన్నాడు.

లాయరమ్మ ఫైల్లోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

“వాడికి మూల మడత రాదు. నేర్పుతానంటే నవ్వేవాడు. వాడు కత్తెరతో మూల కత్తిరించేస్తాడు, వారం తిరక్కుండా పోగులు లేస్తాయి. నైపుణ్యం అట, నైపుణ్యం. ఇది నా పని. నేను చేశాను.”

గొంతులో దుఃఖం లేదు. పంపు దగ్గర తన బిందె ఇంకెవరో ఎత్తుకుపోతుంటే అడ్డం పడ్డ మనిషి గొంతు అది. ఆ మాట నోరు దాటి, గదిలో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ తన చెవిలోకి వచ్చాక గానీ తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. అప్పుడు మరదలి వైపు చూశాడు. ఆవిడ కలం మూత పెడుతోంది.

లాయరమ్మ చెయ్యెత్తి ఆపింది. తను మరదలి తరఫు లాయరునని, అతని తరఫు కాదని, ఇంకొక్క మాట అనేముందు అతను తనకంటూ ఒక లాయరుని చూసుకోవడం మంచిదని చెప్పింది. ఉద్యోగం పోవచ్చు. కేసు అతని మీదకి కూడా రావచ్చు. గెలిచినా అందులో అతనికి వచ్చేది ఏమీ లేదు. బైండరు అంతా విన్నాడు. చివరికి లాయరు కూడా వాడి వాళ్ళకేనా అనుకున్నాడట, ఆ స్థితిలో కూడా.

“పాత ఫైలు అట్ట ఉంటే ఇప్పించండి,” అన్నాడు. “ఒక బ్లేడు, బంక, గుడ్డముక్క ఏదైనా.”

అట్ట వచ్చింది, బంక వచ్చింది. గుడ్డకి కిటికీ తెర చిరుగు పనికొచ్చింది. బైండరు నేల మీదకి దిగి కూర్చున్నాడు. అట్టని ఏడు ముక్కలుగా కోశాడు. బంకని వేలి చివర తీసుకుని మధ్యలోంచి అంచులకి రాశాడు; అంచుల నుంచి మధ్యకి రాస్తే గాలి లోపల ఉండిపోతుంది. బరువుకి చట్టం పుస్తకాలు రెండు అడిగి మీద పెట్టాడు. పూర్తిగా ఆరకముందే బ్లేడుతో ఒక పక్క చెక్కాడు. గుడ్డ తొడిగి, మూల దగ్గర ఊపిరి బిగబట్టి, ఒక మడత, దాని మీద ఇంకో మడత, గోటితో ఒక్క నొక్కు. ముప్పావుగంట పట్టింది. పిల్ల కుర్చీ దిగి వచ్చి పక్కన చతికిలబడి చూసింది. మధ్యలో ఎవరూ లేవలేదు.

ముక్కని ఫొటో పక్కన పెట్టాడు. రంగు తప్ప తేడా లేదు.

ఇప్పుడు అడగమన్నట్టు లాయరమ్మ వైపు చూశాడు. ఆవిడ అడిగింది: చెయ్యమన్నదెవరు? చెప్పాడు. ఏ రోజు? చెప్పాడు. ఆకుపచ్చ గుడ్డ ఎక్కడిది? ఆ బీరువా తాళం ఎవరి నడుముకి ఉంటుందో, గుడ్డ జానెడు తీసినా ఎవరు రాసి సంతకం పెట్టాలో చెప్పాడు. మిషను మీద పనిచేసేవాడు ఆ బీరువా మొహం కూడా చూడడని చెప్పాడు. లాయరమ్మ కలం ఈసారి ఆగలేదు. గడులు లేని తెల్ల కాగితాలు, ఒకటి తర్వాత ఒకటి.

అంతా అయ్యాక తల్లి ఆ కొత్త ముక్కని చేతిలోకి తీసుకుంది. ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో మూల తడిమింది. రెండో మూల తడిమింది. పోగు కోసం వెతుకుతున్నట్టుంది. దొరకలేదు.

“ఇంత బాగా ఎందుకు చేశావురా?” అంది.

నలభై ఆరేళ్ళలో తల్లి తన పని పట్టుకుని బాగుందనడం అతను మొదటిసారి విన్నాడు. ఇంకెప్పుడూ విననక్కర్లేదనిపించింది.

మరదలు కంపెనీ కాగితాన్ని సంతకం లేకుండానే నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. లాయరమ్మతో, “మూడోదే,” అంది.

బయట ఎండ మండిపోతోంది. మెట్లు దిగాక మరదలు ఆగి, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి బావగారి చేతికిచ్చింది. అతను సగం తాగి తిరిగి ఇచ్చాడు. నలుగురూ బస్సు కోసం నడిచారు.

ఆ నీళ్ళ సీసా నేను కల్పించిందే. ఆవిడ ఆగలేదు, వెనక్కి చూడలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, అత్తగారిని భుజం మీద ఆనించుకుని ముందు నడిచింది. బైండరు ఇరవై అడుగుల వెనక, వాళ్ళు ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ వెళ్ళాడు. నోరు పిడచగట్టిన మనిషిని అంత దూరం అలా నడిపించడానికి నాకే మనసొప్పక, మధ్యలో ఒక గుక్క తాగించాను.